తాడు నీడ

మా ఇంటికి కరెంటు లేదని చెబితే జనం నవ్వుతారు. శంషాబాద్ దాటి హిమాయత్ సాగర్ వైపు వచ్చే దారిలో, విమానాలు చక్రాలు దించుకుని నెత్తి మీదుగా పోయే చోట ఉంటూ కరెంటు లేదంటే నమ్మేదెవరు? చీకటి పడితే ఎయిర్‌పోర్టు దీపాలకు ఆకాశం ఆ మూల తెల్లగా అయిపోతుంది. ఆ తెలుపు కనపడేంత దూరంలోనే మా రెండు గదుల ఇల్లు, దాని చుట్టూ ఎకరం చిల్లర జొన్నచేను.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు స్తంభాలు పీకారు. మళ్లీ పాతేసరికి మా ఇల్లు రోడ్డుకు అవతలి పక్కన మిగిలిపోయింది. కొత్త కనెక్షన్‌కు భూమి కాగితం అడిగారు. కాగితం తాత పేరున ఉంది, భూమి కోర్టులో ఉంది. "కేసు తేలినంక రా అమ్మా" అన్నారు ఆఫీసులో, ఎంతో మర్యాదగా. గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడట. మేము గెలవనూ లేదు, ఓడనూ లేదు. వరండాలో కూర్చుని ఏడుస్తున్నాం. పోనీ ఇల్లు వదిలి పోదామా అంటే, "మనం ఇయాల కదిల్తే రేపు పొద్దుగాల్నే కబ్జా" అనేవాడు బాపు. ఆ మాటలో అబద్ధం లేదు.

బాపు అంటే మా నాన్న. ఉన్న పొలంలో ఎక్కువ భాగం ఎయిర్‌పోర్టుకు పోయాక జల్‌పల్లి వైపు కంకర మిషన్ల దగ్గర పనికి కుదిరాడు. మూతికి తువ్వాల కట్టుకునే పోయేవాడు. రాతి పొడి తువ్వాలను లెక్క చేయలేదు. కొన్నేళ్లకు మెట్టు ఎక్కితే ఆయాసం, ఆ తర్వాత ముద్ద మింగితే ఆయాసం. దవాఖానాలో ఫొటోలు తీసి, రోజుకు పదహారు గంటలు ఆక్సిజన్ మిషన్ మీద ఉంటేనే బతుకు అన్నారు. గదిలో గాలిని లాగి, అందులోని ఆక్సిజన్‌ను వేరు చేసి, సన్నటి గొట్టంతో ముక్కుకు అందించే మిషన్ అది. మేము గాలి మిషన్ అనేవాళ్లం. అది నడవాలంటే కరెంటు కావాలి. మాకు లేనిదే అది.

అమ్మ అప్పటికే లేదు. నేను విమానాల్లోకి వెళ్లే భోజనాల ట్రేలు సర్దే పని చేసేదాన్ని. మానేసి బాపు దగ్గర ఉండిపోయాను. తమ్ముడు క్యాబ్ నడుపుతాడు, పెళ్లాం పిల్లలతో రాజేంద్రనగర్‌లో కిరాయికి ఉంటాడు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, కాబట్టి బాపును అక్కడికి తీసుకుపోయే మాటే లేదు. వాడే ఎక్కడో కూలగొడుతున్న ఫాంహౌస్ నుంచి నాలుగు సోలార్ ప్లేట్లు, ఒక ఇన్వర్టర్ పట్టుకొచ్చాడు. ప్లేట్లను రేకుల కొట్టం మీద బిగించాం. నాలుగు పెద్ద బ్యాటరీలు బాపు మంచం పక్క గదిలో పెట్టాం. పగలు ఎండ వాటిని నింపాలి, రాత్రి అవి బాపుకు ఊపిరి ఇవ్వాలి. ఇవేవీ పనిచేయని రోజు కోసం మంచం తలాపున ఒక ఇనుప సిలిండరు. దాని మూత తిప్పడానికి ఒక చిన్న పానా, సిలిండరు మెడకు తాడుతో కట్టి ఉండేది. చీకట్లో తడిమినా దొరకాలని నేనే కట్టాను.

మొదటి నాలుగు బ్యాటరీలను ఏడాది తిరక్కుండా చంపాను. నీళ్లు తగ్గాయి, పొయ్యాలి అన్నారు. బోరు నీళ్లు పోశాను. "నీళ్లే గద బిడ్డా, నీళ్లల్ల ఏముంటది?" అన్నాడు బాపు. మా బోరు నీళ్లకు స్టీలు చెంబే తెల్లగా పొక్కులెక్కుతుంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా బ్యాటరీ కూడా చెంబు లాంటిదే అని తోచలేదు. తమ్ముడు ఏమీ అనకుండా వేరేవి తెచ్చాడు. వాడు ఏమీ అనకపోతేనే నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది.

అప్పుడు పట్టుబట్టి ఫోనులో వెతకడం మొదలుపెట్టాను. కరెంటు లైను లేకుండా, ఏళ్ల తరబడి, నాలుగు బ్యాటరీలతో బతికేవాళ్లు ఈ లోకంలో ఎవరైనా ఉన్నారా అని. ఉన్నారు. తెరచాప పడవల మీద సముద్రాలు తిరిగే తెల్లవాళ్లు. ఒడ్డుకు చేరితే ప్లగ్గు పెట్టుకునే చోటు ఉంటుందట, ఒడ్డు లేని చోట ఎండా గాలీ తప్ప దిక్కులేదట. ముసలి మొగుడూ పెళ్లాలు, గడ్డాలు పెంచిన ఒంటరివాళ్లు, వీళ్లంతా మన దగ్గర గట్టు తగాదాలు పడ్డట్టు బ్యాటరీల గురించి తగాదా పడుతుంటారు. నా ఇంటర్ ఇంగ్లీషుకు మొదట సగం సగం అర్థమైంది. చూసిందే చూసి, ఆపి, మళ్లీ చూసి నేర్చుకున్నాను. వాళ్లు నడిసముద్రంలో, నేను జొన్నచేలో. బాధ ఒకటే.

వాళ్ల దగ్గర నేర్చుకున్నవి నాకు ఇప్పటికీ నోటికొచ్చు. బ్యాటరీని సగం కంటే కిందికి దించకూడదు, దించిన ప్రతిసారీ దాని ఆయుష్షు తరుగుతుంది. నాలుగైదు రోజులకొకసారైనా గొంతుదాకా నింపాలి, లేకపోతే లోపలి రేకులు మొద్దుబారతాయి. పోస్తే శుద్ధమైన డబ్బా నీళ్లే పొయ్యాలి. వోల్టులు చూపే మీటరు పెట్టి చూడనిదే నిండిందని నమ్మకూడదు. పొద్దున, మధ్యాహ్నం, పొద్దుగూకేటప్పుడు మీటరు పెట్టి, వచ్చిన అంకెను గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలో రాసేదాన్ని. పన్నెండున్నర పైన ఉంటే ఆ రాత్రి నిద్రపోయేదాన్ని. పన్నెండుకు వస్తే సిలిండరు పక్కనే కూర్చునేదాన్ని.

"ఏందే, మీ పడవోళ్లు ఇయాల ఏమన్నరు?" అని అడిగేవాడు బాపు, ముక్కులో గొట్టంతోనే. ఆయనకు వాళ్లు చుట్టాల్లా అయిపోయారు. "గా గడ్డపాయన బ్యాటరీ బాగైందా?" అని ఆరా తీసేవాడు. ఒకరోజు ఆ గడ్డపాయనే ఒక సంగతి చూపించాడు. పడవ మీద ప్లేటుకు అడ్డంగా ఒక తాడు నీడ పడింది. బొటనవేలంత లావు తాడు, దాని నీడ ఎంత? అయినా మీటరులో అంకె సగానికి పైగా పడిపోయింది. ప్లేటులో గళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కట్టి ఉంటాయట. నీళ్ల పైపును ఒక్కచోట తొక్కిపెడితే చివర నీళ్లు రానట్టు, ఒక గడికి నీడ పడితే ఆ వరసంతా ఆగిపోతుందట. ఫోను మంచం మీద పడేసి బయటికి ఉరికాను. బట్టల తాడు నీడ పొద్దున్నే రెండో ప్లేటు మీద పడుతోంది. దాన్ని కోసేశాను. మునగ కొమ్మ ఒకటి సాయంత్రంపూట అడ్డొస్తోంది, దాన్నీ నరికేశాను. పూత మీదున్న మునగను నరికినందుకు బాపు ఊపిరి చాలక మధ్యలో ఆగి ఆగి మరీ తిట్టాడు. రోజూ తెల్లారగానే నిచ్చెన వేసుకుని తడిబట్టతో ప్లేట్లు తుడిచేదాన్ని. పిట్ట రెట్ట కనపడితే ఆ పిట్ట వంశాన్ని శపించేదాన్ని.

అంత తెలిసినదాన్ని నేను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఏడు దసరాకు ముందు రెండు రోజులు ముసురు పట్టింది. బ్యాటరీలు పన్నెండుకు దిగిపోయాయి. రెండో రాత్రి బాపును సిలిండరు మీదే ఉంచాను. పండగ పొద్దున లేచి చూస్తే ఆకాశం కడిగినట్టుంది. అంత ఎండను చూసి చాలా రోజులైంది. ఆనందానికి నాకు కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు. "బాపూ, ఎండొచ్చింది" అని అరిచాను. పది గంటలకు సిలిండరు ఆపేసి గాలి మిషన్ వేశాను. సిలిండరులో ఇంకా సగం ఉంది.

దసరా నాడు పనిముట్లకు పూజ చేయడం మా ఇంట్లో గట్టి ఆచారం. నాగలి, పార, గడ్డపార, కొడవలి అన్నీ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, గోడవారగా పేర్చి మొక్కుతాం. ఒకసారి పూజలో పెట్టాక మర్నాటిదాకా వాటిని ముట్టరు. ఏడాదంతా మనకు చాకిరీ చేసినవాటికి అదొక్కటే సెలవు. నాగలి పట్టి ఎన్నేళ్లయిందో, అయినా పూజ మానలేదు. ఆ పొద్దున బాపు మంచం మీద కూర్చుని అన్నాడు:

"నాగలికి ఎన్నేండ్లు మొక్కుతం బిడ్డా? ఇప్పుడు నన్ను బతికిస్తున్నది గా ప్లేట్లు, గా బ్యాటరీలు. వాటికి మొక్కాలె. మంచిగ పూలు పెట్టి చెయ్యి."

నాకూ ఆ మాట నచ్చింది. నిజం చెప్పాలంటే ఎంతో గర్వంగా అనిపించింది. తమ్ముడు పిల్లలతో వచ్చేలోపు అంతా సిద్ధం చేశాను. బ్యాటరీలు తుడిచి బొట్లు పెట్టాను. గాలి మిషన్‌కు సెలవిచ్చే వీలు లేదు కాబట్టి నడుస్తుండగానే దానికో బొట్టు పెట్టాను. మీటరు, డబ్బా నీళ్లు, బ్యాటరీ నీళ్లు చూసే గాజు గొట్టం, అన్నీ నాగలి పక్కన పేర్చాను. సిలిండరు మెడ నుంచి తాడు విప్పి పానాను కూడా కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి అక్కడే పెట్టాను. ఇంత ఎండ ఉండగా దానితో పనేముంది అనుకున్నాను.

తర్వాత నిచ్చెనెక్కాను. చేను గట్టు మీద బంతిపూలు విరగబూసి ఉన్నాయి. లావుగా నాలుగు దండలు గుచ్చాను. ప్లేట్లు తళతళలాడేలా తుడిచి, మూలకో బొట్టు పెట్టి, ఒక్కో ప్లేటుకు నడుమ మీద అడ్డంగా ఒక్కో దండ కట్టాను. గడపకు కట్టినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు. కిందికి దిగి, చేతులు జోడించి, చెంపలేసుకున్నాను. నీలం ప్లేట్ల మీద పసుపు దండలు చాలా అందంగా ఉన్నాయి. ఫొటో కూడా తీశాను.

బట్టల తాడును కోసిన చేతులవే. మునగను నరికిన చేతులవే. తాడు నీడ గురించి తెలిసిన నేనూ, దండ కట్టిన నేనూ ఇద్దరం ఒకే మనిషినని ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు. దండను చూస్తే నాకు పూజ కనిపించింది, నీడ కనిపించలేదు.

మీటరు పూజలో ఉంది, అందుకని మధ్యాహ్నం పెట్టి చూడలేదు. ఛార్జింగ్ లైటు మిణుకుతూనే ఉంది. దాని మిణుకు నమ్మకూడదని పడవోళ్లు వందసార్లు చెప్పారు. పొయ్యి దగ్గర నుంచే దాన్ని చూసి, సరే అనుకుని, గారెలు వేయించాను. తమ్ముడు వస్తూనే ఆకాశం కేసి చూసి, "ఎండ మస్తుగున్నది అక్కా, ఇయాల నీ బ్యాటరీలు పొట్ట పగిలేటట్టు తింటయి" అన్నాడు. అందరం నవ్వాం. బాపు రెండు గారెలు తిన్నాడు. అన్నేళ్లలో ఆయన అంత తృప్తిగా తినడం నేను చూడలేదు.

పొద్దు వాలుతుండగా తమ్ముడు వాళ్లు ఊరి చివర జమ్మి దగ్గరికి బయలుదేరారు. జమ్మి ఆకును బంగారం అంటాం. పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాలి. నేను ఉండిపోతానన్నాను.

"జర రా అక్కా, అరగంటల వస్తం" అన్నాడు తమ్ముడు.

"పో బిడ్డా. నువ్వు పోకుంటే నాకు బంగారం ఎవలు తెస్తరు?" అన్నాడు బాపు.

"ఎట్లున్నది బాపూ?"

"మంచిగున్న. గాలొస్తున్నది. పో."

అరగంట గంటకు పైనే అయింది. డప్పులు, జనం, పలకరింపులు. ట్రేలు సర్దే రోజుల నాటి దోస్తు కనపడి చేయి వదలలేదు. నేను జమ్మి ఆకులు కొన్ని కోసి కొంగుకు ముడేశాను. వచ్చేసరికి మసక పడింది. వాకిట్లోకి రాగానే గాలి మిషన్ బుస వినపడలేదు. సన్నటి కూత ఒకటి వినపడింది. కరెంటు పోతే ఆ మిషన్ వేసే కేక అది. దానితో బతికిన ఇన్నాళ్లలో నేను దాన్ని రెండుసార్లే విన్నాను.

మంచం ఖాళీగా ఉంది. బాపు పూజ పెట్టిన గోడకూ మంచానికీ మధ్య, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పానా ఆయన చేతిలో ఉంది. మంచం నుంచి పూజ దాకా ఎనిమిది అడుగులు. వెళ్లి తీసుకున్నాడు. తిరిగి వస్తూ నాలుగో అడుగు దగ్గర కూలబడ్డాడు. వేళ్లకు కుంకుమ అంటుకుంది. వాటిని విడదీసి పానా తీసుకుని సిలిండరు పూర్తిగా తిప్పాను. గది అంతా బుస్సుమంది. ముక్కుకు గొట్టం పెట్టాను, నోటికి పెట్టాను, పేరు పెట్టి కూడా పిలిచాను. కన్నతండ్రిని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. తమ్ముడు ఎత్తి కారులో వేసుకుని దవాఖానాకు ఉరికించాడు. అక్కడ నాడి పట్టుకుని వదిలేశారు. ఊపిరి చాలని మనిషి లేచి నడవకుండా ఉంటే ఇంకాసేపు ఆగేవాడేమో అన్నారు. సిలిండరు మెడకే పానా ఉండి ఉంటే ఆయన లేవాల్సిన పనే లేదని వాళ్లకు తెలియదు.

ఇంటికి తెచ్చాక చుట్టుపక్కల వాళ్లు వచ్చారు. "పుణ్యాత్ముడు, దసరా నాడు పోయిండు" అన్నారు. "కడుపు నిండ తిని పోయిండు" అన్నారు. నేను తలాడించాను.

తెల్లవారుతుండగా, అలవాటు కొద్దీ తడిబట్ట పట్టుకుని నిచ్చెనెక్కాను. ఎండ అప్పుడే ఏటవాలుగా పడుతోంది. ఒక్కో ప్లేటు నడుమ మీద దండ, దండ పక్కనే జానెడు వెడల్పున నల్లటి నీడ, ఈ చివర నుంచి ఆ చివరకు. నాలుగు ప్లేట్ల మీదా ఒకే తీరుగా. నేనే చంపాను అని పైకే అన్నాను. ఎవరూ వినలేదు. దండలు తెంపాను. పూజ పూలు తొక్కుడులో పడకూడదంటారు. నాకా ఓపిక లేకపోయింది, కొట్టం వెనక పెంటకుప్పలోకి విసిరేశాను. బొట్లు కూడా తుడిచేశాను. ఈ సంగతి ఈ రోజు వరకు ఎవరికీ చెప్పలేదు.

చుట్టాలు దూరం నుంచి రావాలి, మధ్యాహ్నం దాకా ఆపాలన్నారు. తమ్ముడు శవాన్ని ఉంచే ఐసు బాక్సు కిరాయికి తెచ్చాడు. లోపలికి మోయించి, వైరు చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు.

"ప్లగ్గు ఏడ పెట్టాలె అక్కా?"

చూపించాను. గాలి మిషన్ ప్లగ్గు పీకి అక్కడే పెట్టాడు. అప్పటికే ఎండ ఎక్కింది, ఇన్వర్టర్ మళ్లీ అందుకుంది. బాక్సు గుర్రుమని మొదలై ఇక ఆగలేదు. పది గంటలయింది, పదకొండయింది. పూజలోంచి మీటరు తీసి చూడాలనిపించి మానుకున్నాను. క్యాలెండరులో దసరా గడిలో అంకె లేదు.

పన్నెండు దాటాక తమ్ముడు పక్క గదిలోకి పోయి వచ్చాడు. వాడికి బ్యాటరీల సంగతి పెద్దగా తెలియదు, కానీ ఇన్వర్టర్ మీద గీతలు లెక్కపెట్టడం తెలుసు. నా దగ్గర గొంతుకూర్చుని మెల్లగా అడిగాడు.

"అక్కా, బాక్సు నడుస్తుంటెనే బ్యాటరీలు నిండుతున్నయి గద. మరి నిన్న ఎట్ల బందైంది?"

కొంగు ముడిలో జమ్మి ఆకు వేళ్లకు తగులుతోంది. బాపు చేతిలో పెట్టడం మరిచిపోయాను.

"నిన్న మబ్బు పట్టింది తమ్మీ" అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. ఎండ మస్తుగా ఉందన్నది వాడే. లేచి వెళ్లి, వచ్చినవాళ్లకు నీళ్లు ఇవ్వసాగాడు. బాక్సు మీద ఎవరో లావుపాటి బంతిపూల దండ వేసి పోయారు. దాని కింద మిషన్ ఆగకుండా నడుస్తూనే ఉంది.